కోళ్ళ తాత బాప్తిస్మం

పోయిన నెల నరసరావుపేటలో మా చెల్లెలి మనవరాలి బాప్తిస్మానికి వెళ్ళాను. కొత్తగా కట్టిన చర్చి. వేదిక పక్కనే తెల్లటి టైల్సు పరిచిన తొట్టి, దిగటానికి మెట్లు, పట్టుకోవటానికి స్టీలు కమ్మీ. చలికాలం కదా అని నీళ్ళు కాస్త వేడి చేసి పోశారు. పిల్ల మునిగి లేచేసరికి చుట్టూ ఫోన్లన్నీ పైకి లేచాయి. తర్వాత అది తల తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా ఒక మాట అడిగింది.

"అమ్మమ్మా, నాకింకా కోపం పోలా. అప్పుడప్పుడూ అబద్ధాలు కూడా ఆడతన్నా. అన్నీ మానేసినాక దిగాల్సిందేమో?"

దాని చేతిలో తువ్వాలు తీసుకుని తల తుడిచాను. దాదాపు అదే ప్రశ్న పట్టుకుని, దానికన్నా చిన్న వయసులో, నేను మా అమ్మమ్మ వాళ్ళ పేటంతా తిరిగాను. అందుకు కారణం ఒక పందెం కోడి.

అమ్మా నాన్నా చిలకలూరిపేటలో పత్తి మిల్లు పనికి వెళ్తూ నన్ను మాచవరం వైపు అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వదిలారు. ఊరి చివర మా పేట. చర్చిని మేం గుడి అనేవాళ్ళం. నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ నేల. పొద్దున్నే చాప లేకుండా కూర్చుంటే చలి వెన్నులోకి పాకేది. నేను చెప్పేది మిరప కోతల కాలం సంగతి. కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయల ఘాటు గాలిలో తిరుగుతూ ఉండేది. ప్రార్థన మధ్యలో ఎవరో ఒకరు తుమ్మితే పిల్లలం నవ్వాపుకోలేక ఒకరినొకరు గిల్లుకునేవాళ్ళం. కోతకు పోయి వచ్చిన ఆడవాళ్ళు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా మంట పోయేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చిన తల్లులు పిల్లల మొహాలు అరచేత్తో ముట్టుకోకుండా మోచేత్తో దగ్గరికి లాక్కునేవాళ్ళు. అమ్మమ్మ కూడా నన్నట్లాగే లాక్కునేది. ఆ మోచేతి గరుకుదనం నాకిప్పటికీ గుర్తు.

మా తాతయ్య సంఘ పెద్ద. ఆయనకున్నది కొద్దిపాటి మిరప చేను, ఒక జత ఎద్దులు, చానా నియమాలు. ఆదివారం మొదటి గంట కొట్టాక మా ఇంట్లో పొయ్యి వెలగకూడదు. అందుకని అమ్మమ్మ చీకటుండగానే లేచి మాంసం కూర పొయ్యి మీద పెట్టేది. జొన్నరొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టి ఉంచేది. పేటలో అన్ని ఇళ్ళదీ అదే వరస కాబట్టి ప్రసంగం సాగుతున్నంతసేపూ కిటికీలోంచి అల్లం వెల్లుల్లి వాసన వస్తూనే ఉండేది. తాతయ్య సినిమా చూసేవాడు కాదు, బీడీ ముట్టేవాడు కాదు, ఎవరినీ కొట్టేవాడు కాదు. పగలు విసుగొచ్చి ఎద్దును తిడితే సాయంత్రం ప్రార్థనలో ఆ మాట కూడా ఒప్పుకునేవాడు. అది విని నేను దొడ్లోకి వెళ్ళి, దేవుడు క్షమించాడు సరే, ఎద్దు క్షమించిందా లేదా అని దాని మొహంలోకి చూసేదాన్ని.

పేటలో ఆఖరి ఇల్లు కోళ్ళ తాతది. ఆయన అసలు పేరు పేట పిల్లల్లో ఎవరికీ తెలియదు. కుర్రతనం నుంచీ పందెం కోళ్ళు పెంచాడు. ఆయన భార్య మాత్రం భక్తురాలు, ఒక్క ఆదివారం కూడా మానేది కాదు. ఆవిడ లోపల పాటలు పాడుతుంటే ఈయన గోడ బయట కోడిని సంకలో పెట్టుకుని కూర్చుని, ఆరాధన అయ్యాక ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళేవాళ్ళట. నేనొచ్చేటప్పటికే ఆవిడ చనిపోయింది. ఆయన దగ్గర మిగిలింది ఒక్క డేగ, అంటే ఎర్ర కోడి. దానికి నానబెట్టిన బాదంపప్పులు పెట్టేవాడు. కాళ్ళు పిసికేవాడు. దమ్ము పెరగాలని రోజూ సాగరు కాలవలో ఈత కొట్టించేవాడు. పొట్ట కింద చెయ్యి పెట్టి నీళ్ళలో వదిలితే అది మెడ నిక్కించి, పెద్దమనిషిలా ముందుకు కదిలేది. నేనూ మా మేనమామ కొడుకూ, అంటే మా బావ, గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. మా సంఘం వాళ్ళు బాప్తిస్మాలు ఇచ్చేది కూడా ఆ మెట్ల దగ్గరే.

వానలు వెనకబట్టాక కోళ్ళ తాతకు రొమ్ము జబ్బు చేసింది. కొత్తగా వచ్చిన అయ్యగారు, అదే పాస్టరు గారు, పడుచువాడు. అయ్యగారి భార్య జావ కాచి ఇస్తే ఆయనే గిన్నె పట్టుకుని రోజూ ఆ ఇంటికి వెళ్ళి తాగించి వచ్చేవాడు. మంచం దిగి నడవగలిగిన మొదటి ఆదివారం కోళ్ళ తాత గోడ బయట ఆగకుండా లోపలికి వచ్చి కూర్చున్నాడు. కొన్ని వారాల తర్వాత తనకూ బాప్తిస్మం కావాలని అడిగాడు.

పెద్దలు మా ఇంటి ముందు మంచాల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. కోడిని వదిలేస్తేనే అన్నాడు తాతయ్య. పందేలు ఎలాగూ మానేస్తానంటున్నాడు కాబట్టి ముందు బాప్తిస్మం ఇద్దాం, కోడి సంగతి తర్వాత ఆయనకే తెలుస్తుంది అన్నాడు అయ్యగారు. మిగతా పెద్దలు తాతయ్య వైపే తల ఊపారు. వచ్చి ఏడాదైనా నిండని అయ్యగారికి ఒప్పుకోక తప్పలేదు. కబురు తెలిసి కోళ్ళ తాత కోప్పడలేదు, వదిలేస్తానని ఒప్పుకున్నాడు.

నాకు మాత్రం అది మింగుడు పడలేదు. ఆదివారం బడిలో, యేసు ప్రభువు పాపుల్ని ఉన్నపళంగా చేర్చుకున్నాడని నేర్పారు. మరి కోడిని ఎందుకు వదలాలి? చేనికి నీళ్ళు పెడుతున్న తాతయ్య వెంటబడి అడిగాను. ఆయన పార చేతిలో పట్టుకునే, మాట వినకుండా నమ్మానంటే ఎవరు నమ్ముతారే అన్నాడు. అదీ నిజమే అనిపించింది. అక్కడి నుంచి అయ్యగారి ఇంటికి వెళ్ళాను. ఆయన సైకిలు గొలుసుకు నూనె వేస్తున్నాడు. కాళ్ళు కడుక్కుంటేనే అన్నం పెడతానంటుందా మీ అమ్మమ్మ అని ఎదురు ప్రశ్న వేశాడు.

"కడుక్కోకపోతే తిడుతుంది" అన్నాను.

"తిట్టి?"

"పెడుతుంది."

"మరి ఇంకేం" అని నవ్వాడు.

అదీ నిజమే అనిపించింది. రెండూ నిజాలైతే ఎట్లా అని దారంతా ఆలోచించి, చివరికి కోళ్ళ తాతనే అడిగాను. ఆయన కోడికి గంట్లు, అంటే సజ్జలు, వేస్తున్నాడు. తనకు ఇవన్నీ తెలియవనీ, వదలమన్నారు కాబట్టి వదలాలనీ, ఎట్లా వదలాలో మాత్రం తోచటం లేదనీ చెప్పాడు.

నిజంగానే ఆయనకు దారి దొరకలేదు. గురజాల వైపు నుంచి మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి, ఎంతకైనా కొంటామన్నారు. వాళ్ళకిస్తే రేపే కాలికి కత్తి కడతారు, నేను మానిన పని నా కోడి చేత చేయించినట్టే గదా అని పంపించేశాడు. ఆ తర్వాత దాన్ని బుట్టలో పెట్టుకుని నడికుడిలో రైలెక్కి, కృష్ణ అవతల ఉన్న భార్య తరపు బంధువుల ఇంటికి తీసుకెళ్ళాడు. పెంచుకోమని ఇస్తే ఆ ఇంటాయన దాని తొడలు పట్టి చూసి, దీని ఎత్తుకు ఏ కత్తి సరిపోతుందని అడిగాడట. వచ్చిన బుట్టతోనే తిరిగి రైలెక్కాడు. కోసుకుని తినొచ్చు గదా అని పేటలో అందరూ అన్నారు. ఆ మాట వినపడితే మాత్రం ఆయన కోడిని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఈ చిక్కు తీర్చే ఉపాయం బావకు తట్టింది. కోడికి కూడా బాప్తిస్మం ఇచ్చేస్తే అది పందెం కోడి కాకుండా పోతుంది, అప్పుడు ఇద్దరూ సంఘంలో ఉండొచ్చు. నాకది చానా సబబుగా తోచింది. కోళ్ళ తాత టీ కొట్టుకు వెళ్ళిన సమయం చూసి దాన్ని గోనెపట్టాలో చుట్టి మా దొడ్లోకి తెచ్చాం. కాలవ దూరం కాబట్టి ఎద్దుల కుడితి తొట్టి చాలనుకున్నాం. బావ అయ్యగారిలా గొంతు పెట్టి, నువ్వు నమ్ముతున్నావా అని అడిగాడు. దాని తరపున నేను అవునన్నాను. ముంచబోయేసరికి అది ఒక్క తన్ను తన్నింది. బావ చెయ్యి గీరుకుపోయింది, తవుడూ చిట్టూ నా నెత్తి మీద పడ్డాయి, కోడి తొట్టి అంచు మీదెక్కి రెక్కలు కొట్టుకుని కూసింది. ఆ కూతకు తాతయ్య వచ్చాడు. నేను తవుడు కారుతున్న మొహంతోనే సంగతంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. కోడిని తువ్వాలుతో తుడిచి, చంకలో పెట్టుకుని, తిరిగి ఇచ్చి రావటానికి పేట చివరిదాకా నడిచాడు. తాతయ్య చంకలో పందెం కోడిని చూసి అరుగుల మీద వాళ్ళు మాటలాపేశారు. వెనకాల నడుస్తున్న నాకు ఆయన చెవులు ఎర్రబడటం కనిపించింది.

ఆ వారంలోనే కాలవ మీద పనిచేసే లస్కరు వచ్చి, నీళ్ళు కట్టేస్తున్నారని చెప్పి వెళ్ళాడు. నీళ్ళు ఆగితే మళ్ళీ వానాకాలందాకా కాలవ ఎండే. కోళ్ళ తాత దగ్గు మళ్ళీ మొదలైంది. వానాకాలందాకా ఆయన ఆగగలడో లేదో అని అమ్మమ్మ తాతయ్యకు వినపడేట్టు పొయ్యితో చెప్పుకుంది.

మర్నాడు పొద్దున కోళ్ళ తాత మా ఇంటికి వచ్చాడు. ఒక చంకలో కోడి, రెండో చేతిలో కత్తిపీట. కోడిని తాతయ్య ముందు నేల మీద పెట్టి, దాని కాలికి కట్టిన తాడు చేతికిచ్చాడు.

"అన్నా, నా చేతులు రావట్లా. నువ్వు కొయ్యి. ఇయ్యాలే కొయ్యి, రేపు నీళ్ళు పోతన్నయ్యంట."

తాతయ్య కోడి కాళ్ళు దొరకబుచ్చుకున్నాడు. ఆయనకు కోడిని కోయటం కొత్త కాదు. అమ్మమ్మ లోపలి నుంచి నీళ్ళ చెంబు తెచ్చి నిలబడింది. కత్తిపీట వాల్చబోతూ తాతయ్య తలెత్తి, ఇన్ని కోళ్ళు పెంచావు, ఇన్ని పోగొట్టుకున్నావు, దీన్ని కోయటానికి ఎందుకింత బాధ అని అడిగాడు. కోళ్ళ తాత వంగి కోడి వీపు నిమిరాడు.

"మా ఇంటిది పొదగేసిన గుడ్లలోది. పెట్ట కింద తనే సర్దింది. పిల్లలయ్యేటప్పటికి మనిషి లేదు. మిగిలింది ఇదొక్కటే" అన్నాడు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే సాకనుకుంటావని."

అమ్మమ్మ చెంబు కింద పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య కోడి కాళ్ళు వదల్లేదు. అట్లాగే గొంతుక్కూర్చుని ఉన్నాడు. దాని గుండె గబగబా కొట్టుకోవటం ఈకల మీద నుంచే కనిపిస్తోంది. ఆయన ఏం చేస్తాడో నాకు అస్సలు అంతుపట్టలేదు. ఆయనకు ఒక మాట అన్నాక మార్చుకోవటం తెలియదు.

చివరికి కత్తిపీట పక్కకు నెట్టి, తాడు తీసుకెళ్ళి మా వేపచెట్టుకు కట్టాడు.

"వదలమన్నాం, వదిలేశావు. ఇక ఇది నీది కాదు, నాది. దీన్ని కోస్తానో మేపుతానో నా ఇష్టం. నువ్వు పోయి తెల్లపంచె ఉతుక్కో."

అప్పటికప్పుడు ఆకురాయి తెచ్చి, కోడి కాలి ముళ్ళు నున్నగా అరగదీశాడు. కోళ్ళ తాత దాని మెడ పట్టుకుని సాయం చేశాడు.

మర్నాటికి నీళ్ళు అనుకున్నదానికంటే ముందే తగ్గిపోయాయి. మేం వెళ్ళేసరికి కాలవలో నడుముదాకా ఉండాల్సినవి మోకాళ్ళ కిందికి వచ్చాయి. గట్టు మీద ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. అయ్యగారు బురదలో మోకాళ్ళూని, కోళ్ళ తాతను పిల్లాడిని పడుకోబెట్టినట్టు వెనక్కి వాల్చాడు. తల మునిగింది, రొమ్ము మునిగింది, బక్కచిక్కిన మోకాళ్ళు మాత్రం పైకి తేలాయి. కాళ్ళు నొక్కితే తల లేచింది, తల ముంచితే కాళ్ళు లేచాయి. బాప్తిస్మంలో తలవెంట్రుక కూడా నీళ్ళ పైన ఉండకూడదనేది తాతయ్య నియమం. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన పంచె పైకి కట్టి కాలవలోకి దిగాడు. దోసిళ్ళతో నీళ్ళు తీసి, ఆ రెండు మోకాళ్ళ మీదా పోశాడు. మళ్ళీ తీసి మళ్ళీ పోశాడు. ఇక చాలండీ అని అయ్యగారు చెప్పేదాకా పోస్తూనే ఉన్నాడు. కోళ్ళ తాత దగ్గుతూ లేచి, ఒంటి నుంచి బురద కారుతుండగా నవ్వాడు. ఆయన నవ్వటం నేను చూడటం అదే మొదలు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. టీ కొట్టు దగ్గర సంఘ పెద్ద పందేలకు దిగాడని నవ్వులు మొదలయ్యాయి. మోటారు సైకిలు వాళ్ళు ఈసారి మా ఇంటి ముందే ఆగి బేరం అడిగారు. తాతయ్య చేతులెత్తి దణ్ణం పెట్టి పంపించాడు గానీ, చూసినవాళ్ళు చూసినట్టే చెప్పుకున్నారు. మిగతా పెద్దలు వచ్చి మంచం మీద కూర్చున్నారు. సంఘం పరువు పోతోంది, కోడిని కోసెయ్యి, లేదంటే అది ఉన్నన్నాళ్ళూ ప్రభువు బల్లకు దూరంగా ఉండు అన్నారు. వేరొకరు చేసి ఉంటే తనూ అదే చెప్పేవాడినని తాతయ్య ఒప్పుకున్నాడు. సంఘం మాట వింటానన్నాడు, కోడిని మాత్రం కొయ్యనన్నాడు. వాళ్ళు వెళ్ళాక అమ్మమ్మ మండిపడింది. ఆ గుడ్ల సంగతి ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా అంది. వాడి ఇంటి దుఃఖం నేను బజార్లో పెడతానా అని తాతయ్య గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నెల మొదటి ఆదివారం వచ్చింది. ప్రభువు బల్ల ఆ రోజే. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. రొట్టె అయ్యగారి భార్య చేసేది, పులియని పల్చటి రొట్టె. రసం ఎండుద్రాక్షలు నానబెట్టి పిండినది. దాని తీపి వాసనకు పిల్లలందరికీ నోరూరేది, కానీ బాప్తిస్మం కాని మాకు ఇవ్వరు. ఎప్పుడూ బల్ల పక్కన నిలబడి గిన్నెలు అందించే తాతయ్య ఆ రోజు వెనక తలుపు దగ్గర, పిల్లల వరసలో, నా పక్కన కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదుటి గోడ చూస్తున్నాడు. ఏ నియమాన్నీ తప్పని మనిషిని నియమమే వెనక్కి పంపటం నాకు విచిత్రంగా ఉంది. ఆయనకు అవమానంగా ఉందా, దుఃఖంగా ఉందా అని పక్కనుంచి తొంగి చూశాను. ఏమీ తెలియలేదు.

కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళను ముందు పిలుస్తారు. కోళ్ళ తాత తెల్లపంచెలో వెళ్ళి, రెండు చేతులూ చాచి రొట్టె ముక్క తీసుకున్నాడు. నోట్లో పెట్టుకోలేదు. వెనక్కి తిరిగి, మనుషుల మధ్య నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి, మా ఎదుట చతికిలబడ్డాడు. ఆ ముక్కను రెండుగా విరిచి సగం తాతయ్య ముందు చాచాడు.

"అన్నా, నాకింత అక్కర్లా. సగం నువ్వు తీసుకో."

పాట పాడేవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పెద్దల్లో ఒకాయన లేవబోయాడు. అయ్యగారు బల్ల దగ్గర నిలబడి ఇటే చూశాడు, తర్వాత తల వంచుకుని, ఆగిపోయిన పాటను తనే మళ్ళీ అందుకున్నాడు. లేవబోయిన ఆయన అట్లాగే కూర్చుండిపోయాడు. తాతయ్య మోకాళ్ళ మీది చేతులు కదల్లేదు. బల్లకు దూరంగా ఉంటానని ఆయన మాట ఇచ్చాడు, ఆ మాట నాకూ తెలుసు. కోళ్ళ తాత చెయ్యి చాపే ఉంచాడు. అప్పుడు తాతయ్య కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి తెరుచుకుంది. ఆ ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని తిన్నాడు.

తర్వాతి నెల తాతయ్యను మళ్ళీ బల్ల దగ్గరికి పిలిచారు. ఎవరూ పాత సంగతి ఎత్తలేదు. కోడి మా దొడ్లోనే ఉంది. కోళ్ళ తాత రోజూ సాయంత్రం వచ్చి, అది తనది కానట్టే దూరంగా కూర్చుని, గంట్లు మాత్రం తన జేబులోంచి తీసి వేసేవాడు. ఆ తర్వాతి వానల్లో ఆయన పోయాడు. కోడి ఇంకొన్నేళ్ళు బతికి, చూపు మందగించి, ఎద్దుల కాళ్ళ మధ్య తిరుగుతూ ముసలిదైపోయింది. తాతయ్యా లేడు, అమ్మమ్మా లేదు. పేటలో నాపరాళ్ళ గుడి తీసేసి కొత్తది కట్టారు.

ఆ మొదటి ఆదివారం గుడి నుంచి ఇంటికి నడుస్తూ నేను తాతయ్యను అడగకుండా ఉండలేకపోయాను. తీసుకోకూడదని చెప్పారు గదా, మాట వింటానన్నావు గదా, మరి ఎందుకు తీసుకున్నావు అన్నాను. ఆయన కల్లాల దగ్గరికి వచ్చాక, మిరపకాయల ఘాటుకో మరెందుకో తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆయన ఇచ్చాడే. వద్దనటానికి నేనెవర్ని?" అన్నాడు.

కోళ్ళ తాతను తాతయ్య ఎప్పుడూ 'వాడు' అనేవాడు. మరి ఆ 'ఆయన' ఎవరో నేను అప్పుడు అడగలేదు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.